కల్లం మీద లారీ

మా బావ పెద్దకర్మ రోజున, సింగరాయకొండలో వాళ్ళబ్బాయి ఇంటిముందు వేసిన షామియానా కింద కూర్చుని, వచ్చినవాళ్ళు ఆయన గురించి చెప్పుకుంటున్న మంచిమాటలు వింటుంటే నాకు ఒళ్ళు మండింది. చాలా నెమ్మదస్తుడట. ఎవరి జోలికీ పోయేవాడు కాదట. నోరెత్తి ఒక మాట అనేవాడు కాదట. ఇవేవీ అబద్ధాలు కావు. కాకపోతే ఏ పెద్దమనిషి పోయినా ఈ మాటలే సరిపోతాయి. పోయినవాళ్ళందరికీ ఒకే కొలత చొక్కా కుట్టి తొడిగేయడం మనవాళ్ళకి అలవాటు. ఆయనకో లారీ ఉండేదని ఒక్కరూ అనలేదు. అక్క ఓ మూల గోడకి చేరగిలబడి, పలకరించినవాళ్ళకి తల ఊపుతూ కూర్చుంది. ఆవిడా అనలేదు. భోజనాలయ్యాక గుంటూరు బస్సెక్కాను. కిటికీ పక్కన చోటు దొరికింది. దారిపొడుగునా ఆ లారీయే కళ్ళముందు కదిలింది.

ఆయన పేరు రాయను. మా అక్కచెల్లెళ్ళిద్దరికీ ఆయన బావే, మా మేనమామ కొడుకు. అక్కని ఆయనకిచ్చారు. పెళ్ళయ్యాక కూడా అక్క "బావా" అనే పిలిచేది, "నువ్వు" అనే అనేది. ఎనభైల మొదట్లో నాకు వాళ్ళ ఊరి హైస్కూల్లోనే ఉద్యోగం వచ్చింది. అక్క ఉన్న ఊళ్ళో వేరే ఇల్లు తీసుకుంటే నలుగురూ నవ్వుతారని నన్ను వాళ్ళింట్లోనే ఉంచుకుంది. చిలకలూరిపేటకీ అద్దంకికీ మధ్య ఊరు. అంతా నల్లరేగడి, పత్తీ మిరపా తప్ప మరో మాట వినపడదు. అక్కడున్న ఏళ్ళల్లో నేను బావ మొహం చూసినదానికంటే ఆయన పాదాలు చూసిందే ఎక్కువ.

ఎందుకంటే ఆయన ఎప్పుడూ లారీ కింద ఉండేవాడు. కింద గోనెపట్టా పరుచుకుని, వెల్లకిలా పడుకుని, మోకాళ్ళ దాకా బయటికి పెట్టి. పొలంపని అయిందంటే అక్కడే. ఎవరొచ్చినా ఆ పాదాలతోనే మాట్లాడాలి. ఆయనకీ మనుషులు పాదాలబట్టే తెలిసేవాళ్ళు. నేను బడి నుంచి వస్తుంటే లారీ కిందనుంచి గొంతు వినపడేది. "అమ్మాయ్, కొత్త చెప్పులా? మడమ దగ్గర కరుస్తున్నట్టుంది, వంకరగా నడుస్తున్నావు." అది నిజమే అయ్యేది. అదే మనిషి వీధిలో మొహామొహీ ఎదురైతే, ఎవరితో మాట్లాడుతున్నాడో తెలియనట్టు తడబడేవాడు. ఇంట్లో గొడవ మొదలైతే తాపీగా లేచి వెళ్ళి లారీ కింద దూరేవాడు. లారీ కింద ఉన్న మనిషితో తగూ పెట్టుకోవడం ఎవరివల్లా కాదు. వంగి వంగి అరవలేక అక్కే ఊరుకునేది.

ఆ లారీ పిడుగురాళ్ళ నుంచి వచ్చింది. నేను ఆ ఊరు వెళ్ళేసరికే ఉంది. సున్నపురాయి మోసి మోసి, ఇక పనికిరాదని పక్కన పడేసిన బండి. ముందుకి పొడుచుకొచ్చిన ముక్కు, చెక్క బాడీ, ఒక తలుపుకి గడియ బదులు తాడు. ట్రాక్టరుకి గొలుసు కట్టి ఊళ్ళోకి లాక్కొచ్చారట. ఎక్కడ గీకినా తెల్లటి సున్నం రాలేది, ఎన్నిసార్లు కడిగినా తెల్లనీళ్ళే కారేవి. బావకి వ్యవసాయం తప్ప మరో పని రాదు. మెకానిక్కు పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. బావి దగ్గర ఆయిలింజను ఆగిపోతే తనే విప్పి బిగించుకునేవాడు, ఆ ధైర్యమే. కోతల కాలంలో కాయలు గుంటూరు చేర్చాలంటే లారీవాళ్ళ కాళ్ళావేళ్ళా పడాలి, మన బండి మనకుంటే ఒకర్ని బతిమాలేదేమిటన్నది ఆయన వాదన. ఆ వాదన విని అక్క కూడా సరేనంది. తర్వాత్తర్వాత ఆ సంగతి ఎత్తితే, "అప్పుడు నా బుద్ధి ఏ గడ్డి మేసిందో" అనేది. బండిని తెచ్చి ఎక్కడ నిలబెట్టాలన్నది మాత్రం ఎవరూ ఆలోచించలేదు. తిన్నగా తీసుకొచ్చి కల్లంలో నిలబెట్టారు.

కల్లం గురించి కాస్త చెప్పాలి. ఇంటిని ఆనుకుని, వీధికన్నా ఎత్తుగా ఉండే జాగా అది. మా మామయ్య బతికున్నప్పుడు వాగు అవతల నుంచి బళ్ళమీద ఎర్రమట్టి తోలించి, నీళ్ళు చల్లించి, దిమ్మిసలతో కొట్టించి, వాననీరు నిలవకుండా వాటం పెట్టించాడు. ఊళ్ళో అంత గట్టి నేల మరొకటి లేదు. మిరపకాయ చెట్టుమీద పండితే సరిపోదు, కోసి తెచ్చాక నేలమీద పరిచి రోజుల తరబడి ఎండబెట్టాలి. పొలంలోనే ఆరబోస్తే రేగడి అడుగునుంచి చెమ్మ ఎగదన్నుతుంది, పైనుంచి మంచు కురుస్తుంది. కాయ ఎరుపు చచ్చి పాలిపోతుంది. దాన్ని తాలుకాయ అంటారు. తాలుకాయని గుంటూర్లో కన్నెత్తి చూసేవాడుండడు. ఆ ఇంటికి కోడలిగా వెళ్ళినప్పుడు తనకి బావకంటే ముందు నచ్చింది ఆ కల్లమేనని అక్క నవ్వుతూ చెప్పేది. అందులో అబద్ధం పెద్దగా లేదనుకుంటాను. ఆ కల్లం నడిమధ్యన లారీ నిలబడింది. దాని చుట్టూ విప్పిన సామాను, డబ్బాలు, కిరసనాయిలు పోసిన పళ్ళేలు. అక్క కాయలేమో పొలంలో ఎండేవి. ఏటా కుప్పలో సగం తాలు తేలేది.

కోతలు మొదలయ్యే ముందు, ఏడాదికి ఒక్కసారి, అక్క అడిగేది. వంగి, లారీ కిందకి చూస్తూ, "బావా, ఈసారికి కల్లం నాకిస్తావా?" అనేది. బావ కాదనేవాడు కాదు. "ఇదొక్కటే ఉంది. ఇది అయితే అయిపోయినట్టే. బండి రోడ్డెక్కేస్తుంది" అనేవాడు. ఇదొక్కటి అంటే ఒక ఏడు క్లచ్చు, మరో ఏడు రేడియేటరు, ఇంకో ఏడు ఇంకేదో. అబద్ధం చెబుతున్నట్టు ఉండేది కాదు. ఆ మాట అంటున్నప్పుడు నిజంగా ఆ ఒక్కటే మిగిలిందని నమ్మేవాడు. ఆ నమ్మకం చూసే నాకు ఎక్కువ విసుగొచ్చేది.

ఇంట్లో వస్తువేదీ మా చేతుల్లో ఉండేది కాదు. రేడియేటరు కారుతుంటే అందులో పసుపు పోస్తే కారడం ఆగుతుందని ఎవరో డ్రైవరు చెప్పాడు, వంటింట్లో పసుపు డబ్బా మాయమైంది. డీజిలు ట్యాంకుకి చిల్లి పడితే బట్టలసబ్బు అరగదీసి పూశాడు, మేం చాకలిరేవుకి వెళ్ళి, సబ్బు లేక, బట్టలు ఉతక్కుండానే తిరిగొచ్చాం. అన్నిటికంటే ఘోరం శుభలేఖలు. ఇంజను భాగాలు రెండు కలిసేచోట నూనె కారకుండా మధ్యలో దళసరి కాగితం కత్తిరించి పెడతారు, గ్యాస్కెట్ అంటారు. బావకి శుభలేఖల అట్ట దానికి బాగా కుదిరింది. చుట్టాలింటినుంచి శుభలేఖ రాగానే వేళ్ళతో నలిపి చూసి, మందం బాగుంటే చూరులో దాచేసేవాడు. అలా మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళి శుభలేఖ లారీలో కలిసిపోయింది. ముహూర్తం ఎప్పుడో ఎవరికీ గుర్తులేదు. అక్క సన్నికల్లు దగ్గరనుంచి లేచి వెళ్ళి అడిగితే, ఇంజను నీళ్ళపంపు విప్పితేగానీ తెలియదన్నాడు. పంపు విప్పలేదు, పెళ్ళికీ వెళ్ళలేదు. పెద్దమ్మ చాలాకాలం మాతో మాట్లాడలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు అక్క ఏడ్చింది.

దసరాకి ఆయుధపూజ ఘనంగా జరిగేది. లారీ ముక్కుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, ముందుచక్రాల కింద రెండూ వెనకచక్రాల కింద రెండూ నిమ్మకాయలు పెట్టేవాడు. నడిచే బండి అయితే డ్రైవరు కాస్త ముందుకి పోనిచ్చి వాటిని చితకగొడతాడు. ఇది నడవదు. నిమ్మకాయలు చితక్కపోతే ఏడాదంతా మంచిది కాదు. అందుకని వీధిలో మగవాళ్ళందరూ వచ్చి భుజాలు ఆనించి తోసేవాళ్ళు. "ఒరేయ్, తేరు కదులుతోందిరా, తాడేదిరా" అని ఎగతాళి. బండి మూలుగుతూ ఒక్క అడుగు కదిలేది, నిమ్మకాయలు టప్పుమని పేలేవి. ఆ తర్వాత అందరూ ముందువైపు చేరి దాన్ని మళ్ళీ ఉన్నచోటికే వెనక్కి తోసేవాళ్ళు. అక్క హారతిపళ్ళెం పట్టుకుని, "తోసేవాళ్ళు ఆ ఊపులోనే వీధిలోకి తోసెయ్యకూడదూ" అనేది. జనం నవ్వేవాళ్ళు. అక్క నవ్వేది కాదు.

ఇంజను అసలు తిరిగేది కాదని అనుకోకండి. తిరిగేది. ఏడాదికి నాలుగైదుసార్లు సాయంత్రంపూట ఉన్నట్టుండి గర్జించేది, కల్లమంతా నల్లటి పొగ కమ్మేది. బావ పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుమీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. నేను చూసిన మగవాళ్ళల్లో ఎవరూ భార్య మాట అంత శ్రద్ధగా వినగా చూడలేదు. కాసేపటికి మొహం చిట్లించేవాడు. "ఎక్కడో చిన్న చప్పుడుంది" అని, నడుస్తున్న ఇంజనుని ఆపేసి, మర్నాటికి మళ్ళీ మొత్తం విప్పేసేవాడు. మాకెవరికీ ఆ చప్పుడు వినపడేది కాదు. బాగయిన లారీతో ఆయనకేం పనుంటుంది? నాకు తెలిసి ఆయనకి కావలసింది బాగుచేయడం, బాగవడం కాదు. ఆ మాట ఒకసారి మొహాన్నే అనేశాను. ఆయన కోప్పడలేదు. "నువ్వు చదువుకున్నదానివి అమ్మాయ్, ఏదన్నా అంటావు" అని స్పానర్ అందించమన్నాడు. అందించాను. ఆ ఇంట్లో ఎంత కోపమొచ్చినా స్పానర్ అందించాల్సిందే.

ఒక ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. ఎన్ని మందులు కొట్టినా ఆకు అడుగున తెల్లగా లేచేది. చేలకి చేలు పీకేశారు. మాకూ పత్తి పోయింది, మిరపతోటొక్కటే మిగిలింది. కాయ బాగా కాసింది. అది తాలుపోకుండా గుంటూరు చేరితే ఇల్లు నిలబడుతుంది, లేకపోతే లేదు. ఆ ఏడు కోతల ముందు అక్క లారీ దగ్గరికి వెళ్ళి అడగలేదు. అది చూసి నాకు భయమేసింది. కాయలు కోయించి, కల్లం ఉన్న రైతుల ఇళ్ళకి వెళ్ళి నాలుగు రోజులు జాగా ఇమ్మని అడిగింది. వాళ్ళ కాయలు ఎత్తాక ఇస్తామన్నారు. తప్పులేదు, ఎవరి కాయలు వాళ్ళకి ముఖ్యం. ఈలోగా కాలంగాని కాలంలో జల్లు పడింది. పొలంలో కుప్పపోసిన కాయలు అడుగునుంచి నల్లబడ్డాయి.

ఆ సాయంత్రం నేను అరుగుమీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. అక్క పొలంనుంచి వచ్చింది. ఇంట్లోకి రాలేదు, కల్లంలోకి వెళ్ళి లారీ ఫుట్‌బోర్డుమీద కూర్చుంది. ఆ బండిని ఆవిడ అలా ముట్టుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. కాళ్ళు కిందకి వేలాడుతున్నాయి. పగిలిన మడమలు, పగుళ్ళల్లో మిరపకాయ మంటకి ఎర్రగా వాచిన చర్మం. లారీ కిందున్న బావ తలకి మూరెడు దూరంలో ఉన్నాయా పాదాలు. స్పానర్ చప్పుడు ఆగిపోయింది.

కిందనుంచి "కాళ్ళకేవైంది?" అన్నాడు.

"ఏం కాలేదు. వాళ్ళ గుమ్మాలూ వీళ్ళ గుమ్మాలూ తిరిగాను."

ఆయన ఇదొక్కటే ఉందని అనబోయినట్టున్నాడు. అక్క అననివ్వలేదు.

"నేనేం అడగటంలేదు బావా. నిలబడలేక కూచున్నా. కాసేపుండి పోతాను."

అంతే. అక్క ఏడవలేదు, తిట్టలేదు. కాసేపు కూర్చుని లేచి లోపలికెళ్ళి పొయ్యి ముట్టించింది. బావ ఆ సాయంత్రం కిందనుంచి తొందరగానే బయటికొచ్చాడు. గట్టుమీద కూర్చుని చేతులు కిరసనాయిలుతో రుద్దుకుంటూనే ఉన్నాడు, శుభ్రమైన తర్వాత కూడా. ఆయన మీద నాకు మొదటిసారి జాలేసింది. అక్కమీద ఎప్పుడూ ఉండేదే.

తర్వాత వారం పది రోజుల్లో ఆయన ఏళ్ళ తరబడి చెయ్యనిది చేశాడు. విప్పిందంతా బిగించాడు. చప్పుడుందనలేదు, మళ్ళీ విప్పలేదు. ఓ ఉదయం బానెట్ మూసేసి, అది కదలకుండా తాడు కట్టి, లోపలికొచ్చి అక్కతో బండి తీసేస్తున్నానన్నాడు. నల్లపాడు దగ్గర పాతబళ్ళు కొని ముక్కలుచేసేవాళ్ళున్నారు, అక్కడ ఇచ్చేస్తాడట. అక్క నమ్మలేదు. ట్రాక్టరుకి కట్టి లాక్కెళ్ళమని పక్కింటి రైతు సలహా చెబితే ఆయన ఒప్పుకోలేదు. "లాక్కొచ్చిన బండేగానీ, లాగించుకుంటూ పోదు" అన్నాడు.

నాకు గుంటూర్లో మా అమ్మ దగ్గరికి వెళ్ళే పనుండి, నేనూ ఎక్కాను. అది ఆ లారీ మా ఊరినుంచి చేసిన మొదటి ప్రయాణం, ఆఖరిది కూడా. వీధివాళ్ళందరూ నిలబడి చూశారు. ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. నిజం చెప్పొద్దూ, అది హాయిగా నడిచింది. గతుకుల్లో చెక్కసందుల్లోంచి పాత సున్నం లేచి మా వెనక తెల్లగా పరుచుకుంటుంటే, బావ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, మాట్లాడకుండా తోలాడు. చిలకలూరిపేట దాటాక చెట్టునీడన ఆపి, దిగి, తాడు విప్పి బానెట్ ఎత్తాడు. ఏం పాడైందోనని నేనూ దిగాను. ఆయన ఇంజనుమీదికి వంగి ఊరికే నిలబడున్నాడు.

"ఏవైంది బావా?"

"ఏం లేదమ్మాయ్. ఏదన్నా చప్పుడొస్తుందేమోనని. ఏవీ రావటంలేదు."

బానెట్ మూసి మళ్ళీ తాడు కట్టాడు. నల్లపాడులో ఆ పాతసామానువాళ్ళ ఆవరణలో బండి ఆపాక, ఇంజను ఒక్కసారి వింటారా అని యజమానిని అడిగాడు. ఆ మనిషి చెడ్డవాడేం కాదు, పనిలో ఉన్నాడు. "ఎందుకండీ, కోసేదేగా" అన్నాడు. బావ తాళంచెవి ఇచ్చేసి, గేటుదాకా వెనక్కి చూడకుండా నడిచాడు. గేటు దాటాక మాత్రం, బస్టాండు ఎటో తెలిసిన మనిషే, ఎటు వెళ్ళాలని నన్నడిగాడు. ఆయన్ని బస్సెక్కించి నేను అమ్మ దగ్గరికి వెళ్ళాను.

ఆ ఏటి కాయలు ఎలాగూ పోయాయి. మరుసటేడు తోట మళ్ళీ బాగా కాసింది, ఈసారి అక్కకి కల్లం ఉంది. చీపుళ్ళతో ఊడిపించి, పేడనీళ్ళతో అలికించి, కాయలు పరిపించింది. ఎర్రగా మెరిసిపోతున్న ఆ కల్లం చుట్టూ అక్క చీర కుచ్చెళ్ళు ఎత్తిదోపుకుని తిరుగుతుంటే, పదేళ్ళు వయసు తగ్గినట్టుండేది. రోజుకి రెండుసార్లు కాలితో దున్నినట్టు కాయల్ని తిరగేసేది. ఏరితే దోసెడు తాలు కూడా రాలేదు. బావ అరుగుమీద కూర్చుని చూసేవాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. కాయలు బస్తాల్లో తొక్కించి, బాడుగ లారీలో తనే వెంట వెళ్ళాడు.

మర్నాడు అదే లారీలో బస్తాలతో సహా తిరిగొచ్చాడు. ఆయనతో వెళ్ళిన పక్కింటి రైతు ఏం జరిగిందో చెప్పాడు. కమీషన్ కొట్టులో కొనేవాడొచ్చి బస్తాలోంచి గుప్పెడు తీశాడు. రంగు చూసి తలూపాడు. విరిచి వాసన చూసి వెంటనే కింద పడేశాడు. "ఏవండీ, ఇంజను పక్కన ఎండబెట్టారా కాయల్ని?" అన్నాడు. తర్వాతొచ్చినవాడూ అంతే, ఆ తర్వాతివాడూ అంతే. బావ నడిమి బస్తా విప్పి, తన చేత్తో కాయ విరిచి ముక్కుకి ఆనించుకుని, "నిజంగా వస్తోందాండీ?" అని వాళ్ళనే అడిగాడట. డబాయిస్తున్నాడనుకున్నారు వాళ్ళు. తినే సరుకు, డీజిలు కంపు కొడితే ఎవరు కొంటారు? కారం మిల్లువాడు కూడా వద్దన్నాడు.

అక్క ఒక కాయ విరిచి వాసన చూసింది. తనకేం రావటంలేదంది. నేనూ చూశాను. మిరపకాయ ఘాటు తప్ప నాకూ ఏమీ తెలియలేదు. గుంటూరువాళ్ళు కుమ్మక్కయ్యారని నేను కేకలేశాను. రెండురోజుల తర్వాత మా స్కూల్లో కొత్తగా చేరిన లెక్కల మాస్టారు ఏదో పనిమీద ఇంటికొచ్చాడు. కల్లం దాటుతూ ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని, "ఇక్కడ డీజిలేమన్నా ఒలికిందా అండీ?" అన్నాడు. ఖాళీ కల్లం, ఎండ, మండుతున్న నేల. బావ మోకాళ్ళమీద కూర్చుని ఆ నేలకి మొహం ఆనించాడు. తలెత్తి నావంక చూశాడు. నాకూ తెలియలేదు. ఏళ్ళ తరబడి ఇంజను కడిగిన కిరసనాయిలూ కారిన డీజిలూ ఆ నేల తాగుతూనే ఉంది. అదే గాలి పీల్చి బతికిన మా ముక్కులు ఎప్పుడో చచ్చిపోయాయి. ఊళ్ళో ఎవర్ని పిలిచి అడిగినా చెప్పేవాళ్ళు, మేం అడగలేదు. కూలీలు కూడా, వాళ్ళింటి వాసనే అంత కదా అనుకుని ఊరుకున్నారట.

ఆ ఏడు ఆ ఇల్లు ఎలా గడిచిందో రాయను. బావ మర్నాటినుంచే గడ్డపలుగు పట్టుకున్నాడు. వాళ్ళ నాన్న కొట్టించిన నేలని పెళ్ళలుగా పెకలించి, తట్టలకెత్తి ఊరవతల పారబోయడం మొదలుపెట్టాడు. ఎంత లోతు తవ్వితే వాసన పోతుందో ఆయనకి తెలియదు, తెలుసుకునే ముక్కు లేదు. దాంతో దారినపోయేవాళ్ళని ఆపేవాడు. బస్సు దిగి నడుస్తున్న పరాయి ఊరివాడికి ఎదురెళ్ళి, అరచేతిలో మట్టి చూపించి, "అయ్యా, ఒక్కసారి ఇది వాసన చూసిపెడతారా?" అనేవాడు. కొందరు పిచ్చివాడనుకుని తప్పుకునేవాళ్ళు. చూసినవాళ్ళు మొహం పక్కకి తిప్పుకునేవాళ్ళు. ఆయన సరేనని వెళ్ళి మళ్ళీ తవ్వేవాడు. లారీ పోయిందనుకున్నాం, పనేమో పోలేదు. నాకు నీరసం వచ్చేసింది. ఆ వేసవిలోనే నాకు పెళ్ళి కుదిరి, గుంటూరుకి బదిలీ అయింది. బయటపడ్డానని ఊపిరి పీల్చుకున్నాను.

మళ్ళీ ఏడాది తిరిగాక వాళ్ళింటికి వెళ్ళాను. సంచీ కింద పెట్టనివ్వలేదు, బావ ఎదురొచ్చాడు. ఒళ్ళంతా ఎర్రమట్టి. మనిషి సన్నబడ్డాడు. కల్లం ఉన్నచోట మోకాలు దాటిన గుంట. అడుగునుంచి పిడికెడు మట్టి తీసి నా మొహం ముందు పెట్టాడు.

"అమ్మాయ్, నీ ముక్కు ఇప్పుడు బాగయి ఉంటుంది. నువ్వు చెప్పు."

దగ్గరగా తీసుకున్నాను. ముందు మట్టివాసన వచ్చింది. దాని వెనక సన్నగా డీజిలు. ఆయన వెనక అక్క తట్ట పట్టుకుని నిలబడుంది. చెప్పమనీ వద్దనీ ఆవిడ మొహంలో ఏమీ లేదు.

"ఉంది బావా" అన్నాను.

"ఎక్కువా?"

"ఎక్కువ కాదు. కానీ ఉంది."

తలూపి, గుంటలోకి దిగిపోయాడు. నేను అరుగుమీద కూలబడ్డాను. అక్క మంచినీళ్ళిచ్చింది. కాయలెక్కడ ఎండబోస్తున్నావని అడిగితే, పొలంలోనేనంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ కల్లం కల్లమని ఏడ్చావు, చివరికి నీకు మిగిలింది ఒక గొయ్యి, అందులోకి నువ్వూ దిగి మట్టి మోస్తున్నావు, మీ ఇద్దరికీ మతి పోయిందని కడిగేశాను. అక్క చెంబు తీసుకుని, బావకి వినపడకుండా గొంతు తగ్గించింది.

"ఇక్కడ మళ్ళీ కాయలు ఎండుతాయని నాకేం ఆశలేదే. ఆయనకి చెప్పకు."

"మరి నువ్వెందుకు తవ్వుతున్నావు?"

అక్క గుంటవైపు చూసింది.

"లారీ కింద ఇద్దరికి చోటుండేది కాదు" అంది.

చెంబు అరుగుమీద పెట్టి, తట్ట తీసుకుని వెళ్ళి గుంటలోకి దిగింది. బావ కాస్త పక్కకి జరిగాడు.